కింది ఐదు గీతలు

మా చిన్నది మూడేళ్ళుగా కీబోర్డు నేర్చుకుంటోంది. చుట్టాలొచ్చి "ఏదీ, ఒక పాట వాయించమ్మా" అంటే చాలు, ఇంకోసారి అడిగించుకోకుండా కూర్చుని వాయించేస్తుంది. కుడి చేత్తో పాట, ఎడమ చేత్తో ఒకచోట మూడు వేళ్ళు, వెనక పెట్టెలోంచి దానంతట అదే మోగే తాళం. స్కూల్ యాన్యువల్ డేలో వాయించింది, మా తమ్ముడి పెళ్ళిలో వాయించింది. నేను ఫోన్ పట్టుకుని వీడియోలు తీసి స్టేటస్ పెట్టాను. మా అత్తమ్మ నలుగురికీ చూపించి మురిసిపోయింది.

ఈ మూడేళ్ళలో ఆ పిల్లకు ఏం రాలేదో పోయిన డిసెంబర్ దాకా నాకు తెలియలేదు.

మా పై పోర్షన్‌లో ఉండేవాళ్ళ అమ్మాయి, మా చిన్నది ఒకే క్లాసు. వాళ్ళ చర్చిలో క్రిస్మస్ పాటలకు కీబోర్డు వాయించే అబ్బాయికి అప్పుడే పరీక్షలు పడ్డాయి. "ఆంటీ, మీ పాపను పంపిస్తారా, రెండు వారాలు ప్రాక్టీసు" అని అడిగారు. నేను కాస్త ఆలోచించాను కానీ మా అత్తమ్మ తేల్చేసింది. "పండుగ ఎవరిదైతే ఏంది, పాట పాటే గద. పోనియ్ పిల్లని."

మొదటి రోజు నేనూ వెంట వెళ్ళాను. పటాన్‌చెరు లోపలి సందుల్లో ఉండే చిన్న చర్చి. పాడేవాళ్ళలో సగం మంది ఆడవాళ్ళు. మగవాళ్ళందరూ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళే. పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్ నుంచి డ్యూటీ దిగి నేరుగా వచ్చేస్తారు. నేర్పించేది రిటైరైన ఒక పెద్దాయన. ఆయన మా చిన్నదాని ముందు పాత పాటల పుస్తకం పెట్టి అన్నారు. "ఇయ్యాల బేస్ పాడెటోళ్ళు ముగ్గురు బి షిఫ్టుల ఉన్నరు బిడ్డా. వచ్చింది ఒక్కడే. ఆడోళ్ళకు పైది వస్తది, ఆ ఒక్కనికి ఆసరాగా నువ్వు కింది వరుస వాయించు."

ఆ పుస్తకంలో ప్రతి పాటకూ పైన ఐదు గీతలు, కింద ఐదు గీతలు. మా చిన్నది కింది గీతల్ని కూడా పై గీతల్లాగే చదివింది. అది వాయించింది ఒకటి, అతను పాడుతున్నది ఇంకొకటి. అందరూ పాడడం ఆపేసి దానివైపు చూశారు. రెండోసారీ అంతే. మూడోసారికి దాని చేతులు మీటల మీదికి వెళ్ళనే లేదు. ఆ పెద్దాయన మంచివారు, "పర్లేదు బిడ్డా, పైదే వాయించు" అన్నారు. కానీ పైది పాడడానికి అక్కడ తొమ్మిది మంది ఉన్నారు. పిల్లకు అర్థం కాకుండా ఉంటుందా?

ఇంటికి వచ్చేదాకా ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు. వచ్చాక కీబోర్డు మీద గుడ్డ కప్పేసింది. "నాకు మ్యూజిక్ రాదమ్మా. వస్తదనుకున్న" అంది. ఇరవై రోజులు ఆ గుడ్డ తీయలేదు. మా ఆయన "వచ్చే ఏడు ఎనిమిదో క్లాసు. ట్యూషన్లు మొదలైతయి. ఎట్లాగూ మానిపించాల్సిందే గద, ఇప్పుడే మానిపిద్దాం" అన్నారు. నెలకు కట్టే ఫీజు, ఆటో డబ్బులు ఆయన మనసులో లెక్కలో ఉన్నాయని నాకు తెలుసు. తప్పు పట్టలేను.

నేను మాత్రం కోపంగా క్లాసుకు వెళ్ళాను. "మూడేళ్ళు ఫీజు తీసుకుని పిల్లకు సగమే నేర్పిస్తారా సార్?" అని అడిగాను. ఆయన గొడవ పడలేదు. మొదటి ఏడాది నోటు పుస్తకం తీసి చూపించారు. మొదటి నెలలో కింది గీతలు కూడా రాయించి ఉన్నాయి. రెండో నెల నుంచి లేవు. "మేడమ్, రెండో నెలలో మీరే వచ్చారు. పక్క ఇంటి బాబుకు అప్పుడే మూడు పాటలొచ్చాయి, మా పాపకు ఒక్కటీ రాలేదేంటి, దసరాకు ఇంటికి చుట్టాలొస్తారు అన్నారు. మీరొక్కరే కాదు, అందరూ అంతే. పాట రాకపోతే మూడో నెల మానిపించేస్తారు. నేనూ ఇల్లు గడుపుకోవాలి కదా."

నాకు గుర్తొచ్చింది. అన్నాను. అచ్చంగా అవే మాటలు అన్నాను.

అందుకే ఈ పోస్టు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లల్ని కీబోర్డుకో పియానోకో పంపించే అమ్మలం పాటల కోసం తొందరపెట్టి, వాళ్ళ ఎడమ చేతికి చదువు లేకుండా చేస్తున్నాం. పిల్లలు నేర్చుకోవలసిన సంగీతంలో సగం మన స్టేటస్ వీడియోల కోసం పోతోంది. ఆ సగం పేరే బేస్ క్లెఫ్.

సంగీతం తెలియని నాలాంటివాళ్ళ కోసం అదేమిటో కాస్త చెప్తాను. నేనూ ఈ మధ్యే నేర్చుకున్నాను కాబట్టి ఎక్కడ తికమక పడతామో ఇంకా గుర్తుంది.

పాశ్చాత్య సంగీతాన్ని ఐదు గీతల మీద చుక్కలతో రాస్తారు. చుక్క ఎంత పైన ఉంటే స్వరం అంత హెచ్చు. కానీ ఏ గీత ఏ స్వరమో ఎలా తెలియాలి? అది చెప్పడానికి వరుస మొదట్లో ఒక గుర్తు వేస్తారు. దాన్ని క్లెఫ్ అంటారు. ఫ్రెంచ్ మాట, అర్థం తాళంచెవి. పై వరుసలో మెలికలు తిరిగిన గుర్తు ట్రెబుల్ క్లెఫ్, దాని చుట్ట రెండో గీతను చుట్టుకుని 'ఇది జి' అని చెబుతుంది. కింది వరుసలో ఉండేది బేస్ క్లెఫ్. చూడ్డానికి మనిషి చెవిలా ఉంటుంది, పక్కన రెండు చుక్కలు. నిజానికి అది ఎఫ్ అనే అక్షరం వందల ఏళ్ళుగా చేత్తో రాస్తూ రాస్తూ మారిన రూపం. ఆ రెండు చుక్కలకూ మధ్యలో ఉన్న గీత, అంటే కింది నుంచి నాలుగోది, ఎఫ్. ఒక తాళంచెవి, అది చెవి ఆకారంలో! ఈ చమత్కారం తెలుగువాళ్ళకే దక్కుతుంది.

11వ శతాబ్దంలో ఇటలీలో అరెజ్జో గ్విడో అనే సన్యాసి పాటలు రాయడానికి గీతల పద్ధతిని బాగుచేశాడు. ఏది ఏ గీతో పాడేవాళ్ళు తేలిగ్గా గుర్తుపట్టాలని ఎఫ్ గీతకు ఎరుపు రంగు, సి గీతకు పసుపు రంగు వాడాడట. పసుపు, కుంకుమ అన్నమాట. ఇది చదివాక నాకు ఆ గీతలంటే భయం సగం పోయింది.

ఇక తికమక ఎక్కడంటే, పైనా ఐదు గీతలే, కిందా ఐదు గీతలే, కానీ పేర్లు వేరు. పై వరుసలో అడుగు గీత ఇ. కింది వరుసలో అడుగు గీత జి. మా చిన్నది ఆ రోజు జి వాయించాల్సిన చోట ఇ వాయించింది, పాట పొడుగూతా అలాగే రెండేసి అక్షరాలు తప్పింది. రెండు వరుసలకూ మధ్యలో మిడిల్ సి అని ఒక స్వరం ఉంటుంది. పై వరుసకు కింద ఒక చిన్న గీత గీసి రాసినా అదే, కింది వరుసకు పైన ఒక చిన్న గీత గీసి రాసినా అదే. రెండు పోర్షన్లకూ మధ్య ఉండే మెట్టు లాంటిది. ఈ ఒక్క సంగతి అర్థమైతే పదకొండు గీతల నిచ్చెన మొత్తం కళ్ళకు కడుతుంది.

బేస్ క్లెఫ్‌లో గీతలు కింది నుంచి జి, బి, డి, ఎఫ్, ఎ. మధ్య ఖాళీలు ఎ, సి, ఇ, జి. ఇంగ్లీషులో వీటిని గుర్తుపెట్టుకోవడానికి వాక్యాలున్నాయి కానీ నా బుర్రకు ఎక్కలేదు. వంటింట్లో నిలబడి నేనే కట్టుకున్నాను. గీతలకు గోంగూర, బీరకాయ, దొండకాయ, ఫలూదా, అరటికాయ. ఖాళీలకు అల్లం, చింతపండు, ఎల్లిగడ్డ, గసగసాలు. కూరగాయల మధ్య ఫలూదా ఎందుకని అడగకండి, ఎఫ్‌కు ఇంకేదీ దొరకలేదు. ఖాళీలది మాత్రం అచ్చంగా మసాలా లెక్కే. వెల్లుల్లి అనేవాళ్ళకు ఇది పనికిరాదు, ఎల్లిగడ్డ అనే మా సంగారెడ్డి వాళ్ళకే.

"ఇదంతా ఎందుకు, పాట వస్తే చాలదా?" అనేవాళ్ళున్నారు. మా ఆయనా అన్నారు. ఆ వాదనలు నిజాయితీగా చూద్దాం.

మొదటిది, కీబోర్డులో ఎడమ చేతికి చదవాల్సిన పని లేదు, పాట మీద రాసిన సి, ఎఫ్, జి అక్షరాలు చూసి మూడు మీటలు నొక్కితే చాలు అంటారు. సినిమా పాట ఇంట్లో సరదాగా వాయించుకోవడానికి నిజంగానే చాలు. కీబోర్డుకు వేరుగా, పియానోకు వేరుగా పరీక్షలున్నాయి కూడా. కానీ ఆ అక్షరం ఏ మూడు స్వరాలు కలపాలో చెబుతుందే కానీ, కింది స్వరం ఎలా నడవాలో చెప్పదు. నడక ఉన్నప్పుడే కింది వరుస పాటవుతుంది. ఇళయరాజా గారి పాటలు వినండి. మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, వాద్యగాళ్ళకు ఎవరి భాగం వాళ్ళకు కాగితం మీద నొటేషన్ రాసి ఇచ్చే మనిషి ఆయన. 1989లో వచ్చిన 'గీతాంజలి' పాటలు మనందరికీ నోటికి వచ్చు. ఈసారి మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, పాడే గొంతు వదిలేసి బేస్ గిటార్ ఒక్కటే పట్టుకోండి. కింద ఇంకో పాట నడుస్తూ ఉంటుంది. ఇన్నేళ్ళూ వింటున్నా మనం దాన్ని విడిగా వినలేదు. బేస్ గిటార్‌కు, చెల్లోకు, ట్రాంబోన్‌కు రాసేది ఈ కింది ఐదు గీతల మీదే.

ఫోన్‌లో వినొద్దు అన్నది ఊరికే కాదు. ఫోన్‌లోని చిన్న స్పీకరు అంత కింది స్వరాల్ని సరిగా పలికించలేదు. మన పిల్లలు సంగీతమంతా ఫోన్‌లోనే వింటున్నారు. వినబడని దాన్ని నేర్చుకోవాలని వాళ్ళకు మాత్రం ఎలా అనిపిస్తుంది?

రెండోది, ఇదంతా మనది కాదు, పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పిస్తే చాలు అంటారు. నేర్పించండి, చాలా మంచిది. మన సంగీతంలో పాట ఒక్క వరుసగా నడుస్తుంది కాబట్టి రాత కూడా ఒక్క వరుసే. స్వరానికి కింద చుక్క పెడితే మంద్ర స్థాయి, పైన చుక్క పెడితే తార స్థాయి. సుబ్బరామ దీక్షితులు గారు 1904లో ఎట్టయపురం నుంచి తెచ్చిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అంత పెద్ద గ్రంథం తెలుగు లిపిలోనే ఉంది. ఆయన్ను ఆ పనికి పురికొల్పిన వారిలో ఒకరైన చిన్నస్వామి ముదలియార్ గారు అంతకు ముందే, 1890లలో, మన కృతుల్ని ఈ ఐదు గీతల నొటేషన్‌లో అచ్చువేశారు. ఒకటి నేర్చుకుంటే ఇంకొకటి పోతుందని వాళ్ళు అనుకోలేదు. అయినా కింది స్వరం మనది కాకపోవడమేమిటి? తంబూరాలో చివరి తీగ మంద్ర షడ్జం. మృదంగం ఎడమ వైపుకు రవ్వ ముద్ద అంటించేది ఆ గంభీరమైన నాదం కోసమే. అడుగు లేకుండా మనవాళ్ళూ పాడలేదు.

మూడోది, పిల్లలకు విసుగొస్తుంది, మానేస్తారు అంటారు. ఇది మాత్రం నిజం. రెండు వరుసలు ఒకేసారి చదవడం కష్టమే. కానీ మా ఇంట్లో జరిగింది చూడండి. కష్టం తీసేసి పాటలిచ్చాం. మూడేళ్ళ తర్వాత మానేసే దాకా వచ్చింది. ఏడేళ్ళప్పుడు 'రాదు' అంటే రేపు వస్తుందని అర్థం. పన్నెండేళ్ళప్పుడు నలుగురి ముందు రాకపోతే తనకే రాదని అర్థం చేసుకుంటారు. కష్టాన్ని మనం తప్పించలేదు, సిగ్గుపడే వయసు దాకా వాయిదా వేశాం. అంతే.

ఇక్కడ మీలో కొందరు, ఇల్లాలు కూడా బేస్ క్లెఫ్ లాంటిదే, కనబడకుండా అందర్నీ మోస్తుంది అని రాస్తానని ఎదురుచూస్తూ ఉంటారు. రాయను. నాకు ఆ పోలిక నచ్చలేదు. బేస్ వరుస కాగితం మీద అచ్చయి ఉంటుంది. వాయించేవాడు ఆ రోజు రాకపోతే పెద్దాయన పేరు పెట్టి అడుగుతారు, బదులు మనిషిని వెతుకుతారు. మన పని ఏ కాగితం మీద అచ్చయింది? మనం రాకపోతే బదులెవరు? కింద ఉండడం గొప్ప అని పొగిడి మనల్ని అక్కడే ఉంచేసే మాటలు ఇప్పటికే చాలా ఉన్నాయి, సంగీతాన్ని కూడా దానికి వాడొద్దు. ఒకవేళ పోల్చాలంటే ఇలా పోల్చండి: కింది వరుసకు కూడా రాత ఉండాలి, ఆ రాత చదవడం ఇంట్లో అందరికీ రావాలి.

మా ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. నేను క్లాసు నుంచి వచ్చి మా చిన్నదానికి క్షమాపణ చెప్పాను. "నీకు రాక కాదు బిడ్డా, నేను నేర్పనివ్వలేదు" అని జరిగింది చెప్పాను. అది నమ్మలేదు. నోటు పుస్తకంలో మొదటి నెల పేజీలు చూపించాక నమ్మింది. మా ఆయనతో జూన్ దాకా గడువు అడిగాను. సార్‌తో, ఈ ఆరు నెలలూ ఒక్క కొత్త పాట కూడా అడగను, కింది గీతలు చెప్పండి అన్నాను. ఆయన నవ్వి, ఇలా అడిగిన మొదటి తల్లిని నేనేనన్నారు.

పిల్లకు తోడుగా నేనూ కూర్చున్నాను. పొద్దున డబ్బాలు కట్టి పంపించాక ఒక పావుగంట. నాకు వాయించడం రాదు, ఇప్పటికీ రాదు. చదవడం మాత్రం వచ్చింది. సాయంత్రం నేను కాగితం మీద చుక్క పెడితే అది చెప్పాలి, అది పెడితే నేను చెప్పాలి. మొదటి వారం నేనే గెలిచాను, నా దగ్గర గోంగూర, ఎల్లిగడ్డ ఉన్నాయి కదా. రెండో వారానికి అది నన్ను దాటేసింది. అమ్మకు తెలియనిది తనకు తెలుసన్న సంతోషం పిల్లలకు ఏ చాక్లెట్టూ ఇవ్వదు.

మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. రాత్రి ట్రాఫిక్ తగ్గాక దాని మూలుగు ఇంట్లోకి వినబడుతుంది. ఒకరోజు మా చిన్నది కీబోర్డు మీద ఎడమ వైపు ఒక్కో మీటా నొక్కుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగింది. "అమ్మా, ఇది గోంగూర!" అని అరిచింది. మర్నాడు సార్‌ను అడిగితే ఆయన లెక్క చెప్పారు. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్రాన్స్‌ఫార్మర్ దానికి రెట్టింపు, అంటే 100 దగ్గర మూలుగుతుంది. బేస్ క్లెఫ్ అడుగు గీత మీది జి 98. దాదాపు అదే. ఈ ఫ్యాక్టరీల నడుమ పదమూడేళ్ళుగా కాపురం ఉంటూ ఆ మోతను తిట్టుకోవడమే తప్ప, దానికొక పేరుందని నాకు తెలియదు.

1914 నుంచి పదేళ్ళు కట్టి 1924 క్రిస్మస్ రోజున తెరిచిన మెదక్ చర్చి మనకు దగ్గరే. ఎప్పుడైనా వెళ్తే, పాడేటప్పుడు వెనక నిలబడి, మగవాళ్ళ కింది గొంతుల్ని విడిగా వినండి. ఏ మతం వాళ్ళమైనా చెవి అందరికీ ఒకటే. మా చిన్నది పోయిన నెల మళ్ళీ పై పోర్షన్ వాళ్ళతో ప్రాక్టీసుకు వెళ్ళింది. ఒక పాట, నెమ్మదిగా, కింది వరుస ఒక్కటే వాయించింది. రెండు చోట్ల తప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎందుకంటే ఎవరూ పాడడం ఆపలేదు. నేను వీడియో తీయలేదు. తీసినా ఫోన్‌లో వినబడేది కాదు.

జూన్ వస్తోంది. మానిపించడం గురించి మా ఆయన ఇంకా ఏమీ అనలేదు, నేనూ గుర్తు చేయలేదు.

మీ పిల్లలు ఎక్కడైనా నేర్చుకుంటూ ఉంటే ఈ వారం ఒక్కసారి వాళ్ళ పుస్తకం తెరిచి చూడండి. ఐదు గీతలున్నాయా, పదున్నాయా? ఐదే ఉంటే సార్ మీద కోపం తెచ్చుకునే ముందు, చివరిసారి మీరు ఆయన్ను ఏం అడిగారో గుర్తుచేసుకోండి. తర్వాత "ఎడమ చేతికి చదవడం ఎప్పుడు మొదలుపెడతారు?" అని మర్యాదగా అడగండి. ఆరు నెలలు పాట అడగకండి. చుట్టాలొస్తే మిర్చి బజ్జీలు పెట్టండి, చాలు.